వెళ్ళీ వెళ్ళని లాప్‌టాప్

ఫోన్ మోగేసరికి నేను డాబా మీద బట్టలారేస్తున్నాను. పళ్ళ మధ్య రెండు క్లిప్పులు, చేతిలో మా ఆయన తడి చొక్కా. చొక్కా భుజాన పడేసుకుని, క్లిప్పుల సంగతి మరిచిపోయి "అవో" అన్నాను.

నా 'హలో'ని పోల్చుకుని అవతల ఒక ఆడగొంతు పలికింది. "వంటింటి అల్మారాల వర్క్‌షాపు నుంచి మాట్లాడుతున్నానమ్మా. మొన్న డ్రాయింగులు పంపింది మీరేనా?"

క్లిప్పులు ఉమ్మేశాను. ఒకటి పిట్టగోడ దాటి కింద వాళ్ళ పూలకుండీలో పడింది. "నేనేనండీ!"

"మీ డ్రాయింగు మా వడ్రంగి మేస్త్రీకి నచ్చింది. ఆయనకి ఒకంతట ఏదీ నచ్చదు. అందుకే ఫోన్ చేస్తున్నా. శనివారం ఒక వంటిల్లు కొలవాలి. సొంత లాప్‌టాప్ ఉందా?"

"కొంటున్నామండీ. ఇవాళో రేపో."

"అయితే శుక్రవారం సాయంత్రంలోగా మా సాఫ్ట్‌వేర్ అందులో వేసుకుని నాకు ఫోన్ చెయ్యి. ఆ వంటిల్లు బాగా చేస్తే పని నీదే. ఫోన్ రాకపోతే మాత్రం ఇంకో అమ్మాయి ఉంది, ఆ పిల్లకిచ్చేస్తా. ఏమనుకోకు, కస్టమర్ మనకోసం ఆగదుగా."

ఫోన్ పెట్టేశాక తడి చొక్కాని కావలించుకుని డాబా అంతా ఒక చుట్టు తిరిగాను. కొత్త కోడలికి వంటిల్లు అప్పజెప్పడం అందరిళ్ళల్లోనూ ఉన్నదే. నాకు మాత్రం ఎవరిదో వంటిల్లు అప్పజెబుతున్నారు, అదీ జీతమిచ్చి! చదువు పూర్తయినప్పటినుంచీ గోడలూ అరలూ గీస్తూనే ఉన్నాను. నా గీతలకి మేకులూ చెక్కలూ తగలబోవడం ఇదే మొదటిసారి.

వెంటనే మా ఆయనకి ఫోన్ చేశాను. ఇక్కడొక మాట చెప్పాలి. 'మా ఆయన' అన్న మాట నాకు ఇంకా కొత్తగానే ఉంది. కూరగాయలమ్మే ఆవిడతో కూడా "మా ఆయన దొండకాయ తినరండీ" అని, అడక్కపోయినా చెబుతుంటాను. నలుగురిలో ఆయన్ని 'మీరు' అంటాను. తలుపు వేసుకున్నాక 'నువ్వు'. ఒక్కోసారి తలుపు వేసుకోకముందే 'నువ్వు' వచ్చేస్తుంది. అప్పుడు మా అత్తయ్య దగ్గి, వేరేవైపు చూస్తుంది.

మా ఆయన కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాడు. చేతికి ఏ వస్తువు దొరికినా తళతళలాడేదాకా తుడవందే ఊరుకోడు. ఆ సాయంత్రం వచ్చేటప్పుడు, మేము ఎప్పటినుంచో అనుకుంటున్న పాత లాప్‌టాపుల షాపుకి వెళ్ళి, ఒకటి చంకన పెట్టుకుని వచ్చాడు. అద్దాలు తుడిచే మెత్తటి గుడ్డలో చుట్టి ఉంది. గుడ్డ విప్పితే నా మొహం నాకు కనబడింది.

"పాతదన్నావు?"

"పాతదే. మా షాపు మందు పెట్టి తుడిచా. అడుగున ఏవో దిక్కుమాలిన స్టిక్కర్లుంటే, జిగురుతో సహా లేపేశా. నా పెళ్ళాం వాడే వస్తువు మీద ఎవరి చీటీలో ఎందుకు?"

నాకు నవ్వూ ముద్దూ ఒక్కసారే వచ్చాయి. ఇద్దరం మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని దాన్ని తెరిచాం. భాష అడిగింది, చెప్పాం. వైఫై అడిగింది, ఇచ్చాం. కాసేపు చుక్కలు గుండ్రంగా తిరిగాయి. ఆ తర్వాత ఒక స్క్రీన్ వచ్చింది. పైన ఎవరిదో కంపెనీ బొమ్మ, దాని కింద 'మీకు స్వాగతం', ఆ కింద 'మీ ఆఫీసు ఈమెయిలు, పాస్‌వర్డు ఇవ్వండి'. అంతే. మూసెయ్యడానికి గుర్తు లేదు, దాటిపోవడానికి దారి లేదు.

"ఇదేం కంపెనీ?" అన్నాడు మా ఆయన.

చదివాను. "లిఫ్టులు బిగించి, బాగుచేసే కంపెనీట."

"మనం లిఫ్టు కొనలేదే."

ఆపి మళ్ళీ పెట్టాం. అదే స్క్రీన్. నా ఈమెయిలు కొడితే, నేను వాళ్ళ మనిషిని కానని మర్యాదగానే చెప్పింది. మా ఆయన వెనక్కి తగ్గలేదు. "పాస్‌వర్డు దగ్గర మన పెళ్ళి తేదీ కొట్టి చూడు."

"లిఫ్టుల కంపెనీ వాళ్ళు మన పెళ్ళి తేదీ పాస్‌వర్డుగా పెట్టుకుంటారా?"

"ఏమో, మంచి రోజేగా."

అప్పుడే ఊరినుంచి అత్తయ్య ఫోన్ చేసింది. పని దొరికిందని విని సంతోషించింది, స్క్రీన్ సంగతి విని ఆలోచించింది. "స్క్రీన్ వచ్చిందంటే పనిచేస్తున్నట్టేగా అమ్మా?" అంది. "పనిచేస్తోంది అత్తయ్యా, మనకి మాత్రం చెయ్యట్లేదు" అన్నాను. "మీ మామయ్య లాగా అన్నమాట" అని పెట్టేసింది.

నవ్వాను గానీ నా కళ్ళు గోడ మీది క్యాలెండరు మీదే ఉన్నాయి. శుక్రవారం సాయంత్రం ఎంతో దూరం లేదు.

మర్నాడు లాప్‌టాప్ తీసుకుని ఇద్దరం ఆ షాపుకి వెళ్ళాం. షాపతన్ని అందరూ గ్యారంటీ అన్న అంటారు. ప్రతి మాటకీ ముందొక గ్యారంటీ, వెనకొక గ్యారంటీ తగిలిస్తాడు. వస్తువుకి మాత్రం ఇవ్వడు.

"నెట్ పెట్టారా?" అన్నాడు మమ్మల్ని చూడగానే.

"పెట్టాం."

"అదీ మీరు చేసిన పొరపాటు! నెట్ పెట్టకుండా ఓపెన్ చెయ్యాలి చెల్లెమ్మా. అప్పుడు ఆ స్క్రీన్ రాదు. గ్యారంటీ. ఇటివ్వు, మళ్ళీ మొదట్నించీ పెట్టిస్తా."

"తర్వాత నెట్ పెడితే?"

"తర్వాతంటే... వెంటనే ఏం కాదులే. ఎప్పుడో ఒకసారి మళ్ళీ పెట్టాల్సి వచ్చినప్పుడు ఆ కంపెనీ వాళ్ళు పలకరిస్తారు. అప్పుడు మళ్ళీ తీసుకురా. నేనెక్కడికి పోతాను?"

"అన్నా, నేను చేసే డ్రాయింగులన్నీ ఇందులోనే ఉంటాయి. నడి పనిలో ఎవరో పలకరిస్తే నా కస్టమర్ వంటిల్లు ఏం కావాలి? ఇల్లు నాకమ్మి, తాళం చెవి ఇంకొకరి దగ్గరుంచితే ఎలా?"

"అయితే వేరేది తీసుకో, ఇదిగో."

వేరేది తెరిచి, మా ఆయన ఫోన్ నుంచి నెట్ ఇచ్చాం. చుక్కలు తిరిగాయి. లిఫ్టుల కంపెనీ స్వాగతం పలికింది. ఇంకోటి తెరిచాం. మళ్ళీ స్వాగతం. నేను కౌంటరు మీద వరసగా ఉన్నవన్నీ తెరుచుకుంటూ పోయాను. కాసేపటికి షాపులో ఎటు చూసినా అదే కంపెనీ, అదే మర్యాద.

"ఒకే లాటు చెల్లెమ్మా" అన్నాడు గ్యారంటీ అన్న గొంతు తగ్గించి. "పాత సామాను అతను తెచ్చిచ్చాడు. దొంగ సరుకు కాదు, అది మాత్రం నిజంగా గ్యారంటీ. కావాలంటే డబ్బు వాపసు ఇస్తా."

మా ఆయన నావైపు చూశాడు. డబ్బు వాపసు తీసుకుని శుక్రవారంలోగా ఇలాంటిదే ఇంకోటి ఎక్కడ వెతకాలి? కొత్తది కొనే తాహతు ఇప్పుడప్పుడే లేదు. నాకు పంతం వచ్చింది.

"డబ్బొద్దు. బిల్లు మీద మీ షాపు ముద్ర వేసివ్వండి. ఆ కంపెనీకే వెళ్తాను."

"వెళ్ళి?"

"మీ తాళం మా ఇంట్లో ఉండిపోయింది, తీసుకుపొమ్మంటాను."

గ్యారంటీ అన్న ముద్ర గట్టిగా కొట్టాడు. ఈసారి గ్యారంటీ అనలేదు.

శుక్రవారం మా ఆయన షాపుకి సగం పూట సెలవు పెట్టాడు. లిఫ్టుల కంపెనీ ఆఫీసు కొన్ని అంతస్తుల పొడుగాటి భవనం. లిఫ్టు పనిచెయ్యదేమోనని దారంతా జోకులు వేసుకుంటూ వెళ్ళాం. తీరా చూస్తే అంత మంచి లిఫ్టు నేను ఎక్కలేదు. చప్పుడు లేకుండా వచ్చింది, నిద్రపోతున్న పిల్లని ఎత్తుకున్నంత మెత్తగా పైకి తీసుకెళ్ళింది. అంత ఆందోళనలోనూ మా ఆయన చెయ్యి పట్టుకుని "ఇంకోసారి ఎక్కుదామా?" అన్నాను. ఆ మాట ఆ రోజు అంత అక్షరాలా నిజమవుతుందని అనుకోలేదు.

పైన రిసెప్షన్లో కూర్చున్నావిడ తలెత్తింది. "ఎవరు కావాలి?"

"పేరు తెలీదండీ. మా లాప్‌టాప్ తెరిస్తే మీ కంపెనీ వస్తోంది. దాని గురించి ఎవరు చూస్తారో వాళ్ళు కావాలి."

ఆవిడ నన్నూ, సంచీనీ, మా ఆయన్నీ వరసగా చూసి, "మూడో అంతస్తు, సిస్టమ్స్ మేడమ్" అంది.

సిస్టమ్స్ మేడమ్ నెరిసిన జుట్టుని బిగించి ముడివేసుకుని, మెడలో గొలుసుకి కళ్ళద్దాలు వేలాడేసుకుని ఉంది. మేం చెప్పిందంతా ఓపిగ్గా విన్నది. బిల్లు చూసింది. "నంబరు చూడాలి" అని లాప్‌టాప్ వెల్లకిలా తిప్పింది. అడుగున మా ఆయన పనితనం అద్దంలా మెరిసింది.

ఆవిడ మొహం మారిపోయింది. "నంబరు చీటీ ఏది? మా కంపెనీ చీటీ ఏది?"

మా ఆయన బడిపిల్లాడిలా చెయ్యెత్తాడు. "నేనే తుడిచేశానండీ."

"చీటీ పీకేసిన లాప్‌టాపంటే ఏమనుకుంటారో తెలుసా? అసలు ఎందుకు తుడిచారు?"

"కొత్తదానిలా ఉంటుందనండీ. తనకోసం."

సిస్టమ్స్ మేడమ్ కళ్ళద్దాలు పెట్టుకుని మరీ మమ్మల్ని చూసింది. "పెళ్ళయి ఎన్నాళ్ళయింది?"

"కొత్తేనండీ" అన్నాను నేను, తల వంచుకుని. అలా తల వంచుకునే లాప్‌టాప్ తెరిచాను. చీటీ లేదని కిందటి రాత్రే గుర్తొచ్చి, దాన్ని తయారుచేసిన వాళ్ళు రాసిన సహాయం పేజీలన్నీ ఫోన్లో తిరగేశాను. మెషీను లేస్తుండగా ఒక మీట నొక్కి పట్టుకుంటే, లోపలున్న తన సొంత నంబరు అదే చూపిస్తుంది. చూపించింది. "ఇదిగోండి మేడమ్. చీటీ పోయినా పుట్టుమచ్చ పోదుగా."

ఆవిడ మూతి బిగించుకుని నవ్వాపుకుంది. "ఆ మాట నేనే చెబుదామనుకున్నా. తెలుసో లేదో చూద్దామని ఆగా." నంబరు తన కంప్యూటర్లో కొట్టింది. "మాదే. తాళం తియ్యడం నాకు చిటికెలో పని. కానీ ఇది ఇంకా మా స్టోర్స్‌లోనే ఉంది."

"ఇక్కడుంది మేడమ్. మీ బల్ల మీద."

"బల్ల మీద ఉందమ్మా. లెక్కలో స్టోర్స్‌లో ఉంది. బయటికి పంపించామని స్టోర్స్ వాళ్ళు చెబితేనే నేను తియ్యాలి. లోపలున్న సరుకు తాళం తీస్తే రేపు ఎవరైనా ఎత్తుకుపోతే నాదా పూచీ? కిందకెళ్ళి స్టోర్స్ ఆయన్ని రాసిమ్మనండి."

మళ్ళీ లిఫ్టు. స్టోర్స్ అట్టడుగు అంతస్తులో ఉంది. గ్రీజు వాసన, గోడల వెంట చుట్టలు చుట్టిన ఇనుప తాళ్ళు, కొత్త మోటార్లు. వాటి మధ్య స్టోర్స్ ఆయన, బట్టతలా, తెల్లటి మీసమూ, చొక్కా జేబులో కొలిచినట్టు వరసగా పెన్నులు. సంగతి చెప్పాం.

"ఆ లాప్‌టాపులా? వెళ్ళిపోయాయమ్మా, ఎప్పుడో."

"హమ్మయ్య! అదే ఒక ముక్క రాసిచ్చేయండి."

"రాయకూడదు. వెళ్ళిపోయాయి గానీ, వెళ్ళినట్టు కాదు."

"అంటే?"

"తాళాలు తీసేశామని సిస్టమ్స్ వాళ్ళు ముందు రాయాలి. తాళం ఉన్న సరుకు బయటికి పంపానని నేనెలా రాస్తాను? రూలు ఒప్పుకోదు."

"పంపించారుగా?"

"చోటు లేక పంపించా. కొత్త మోటార్లు వచ్చిపడ్డాయి, చూడు. రాయడం మాత్రం వాళ్ళు రాశాకే."

పైకెళ్ళాం. సిస్టమ్స్ మేడమ్ తల అడ్డంగా ఊపింది. "ముందు ఆయన రాయాలి." కిందకొచ్చాం. స్టోర్స్ ఆయన మీసం సవరించుకున్నాడు. "ముందు ఆవిడ రాయాలి." మేడమ్ని ఒక్కసారి కిందికి రమ్మందామా అంటే ఆయన ఉలిక్కిపడ్డాడు. సార్‌కి ఒక్క ఫోన్ చెయ్యండి అంటే ఆవిడ నా మాట విననట్టే కిటికీ తెర సర్దుకుంది. అంత మెత్తటి లిఫ్టు కూడా నాకు మొహం మొత్తింది. మా ఆయన అయితే అంతస్తులు వచ్చేలోపు గోడకున్న అద్దం తన చేతిరుమాలుతో తుడవడం మొదలుపెట్టాడు.

చివరికి రిసెప్షన్ బల్ల ముందు కూలబడ్డాం. "వాళ్ళిద్దరికీ పడదా అండీ?" అని అడిగాను.

రిసెప్షనావిడ పగలబడి నవ్వింది. "పడకపోవడమేంటి, మొగుడూ పెళ్ళాలు వాళ్ళు!"

మా ఆయన నోరు వెళ్ళబెట్టాడు. నేను సంచీ గుండెకి హత్తుకున్నాను.

"పెద్ద కథేం కాదు" అంది ఆవిడ, ఇటూ అటూ చూసి. "ఆయన స్టోర్స్‌కి పెద్దయిన కొత్తల్లో, మంచి కుర్చీ వస్తే ముందు పెళ్ళానికే పంపాడని ఎవరో అన్నారు. ఆవిడకి పౌరుషం పొడుచుకొచ్చింది. ఆ రోజునుంచీ ఇద్దరికీ ఒకటే రూలు. ఆఫీసు మాట ఇంట్లో ఎత్తరు, ఇంటి మాట ఆఫీసులో ఎత్తరు. ఏదైనా కాగితం మీదే. అందులోనూ ఎవరు ముందు రాస్తే వాళ్ళు మొహమాటానికి రాసినట్టవుతుందని రెండోవాళ్ళు రాసేదాకా కదలరు. ఒకే స్కూటర్ మీద వస్తారు, ఒకే క్యారియర్ తింటారు, గేటు దాటితే ఆయన 'స్టోర్స్ గారు', ఆవిడ 'మేడమ్'."

"మధ్యాహ్నం తినేటప్పుడు?"

"అది ఇంటి లెక్క. అప్పుడు కూరలో ఉప్పు గురించే మాట్లాడుకుంటారు."

నాకు ఒక పక్క నవ్వు ముంచుకొస్తోంది, ఇంకో పక్క ఏడుపు. నా మొదటి వంటిల్లు ఒక పాత కుర్చీకాళ్ళ కింద ఇరుక్కుపోయింది. గోడ మీది గడియారం భోజనాల వేళకి దగ్గరపడింది.

"ఇంటికెళ్ళిపోదామా?" అన్నాడు మా ఆయన మెల్లగా. "వర్క్‌షాపావిడకి ఫోన్ చేసి రెండ్రోజులు గడువు అడుగుదాం."

"ఆవిడ ఇవ్వదు. ఇవాళ తాడో పేడో తేల్చుకునే వెళ్తా. పద, భోజనానికి."

"మనల్నెవరు పిలిచారు?"

"ఎవరూ పిలవలేదు. అందుకే పద."

భోజనాల గది స్టోర్స్ పక్కనే. గుండ్రటి బల్ల దగ్గర ఆ ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని క్యారియర్ గిన్నెలు విప్పుతున్నారు. ఆయన మూత తీశాడు, ఆవిడ వడ్డించింది, ఆయన తనకిష్టం లేని వంకాయ ముక్కలు ఏరి ఆవిడ కంచంలో వేశాడు, ఆవిడ అడక్కుండానే తన వాటా పెరుగు ఆయనవైపు జరిపింది. ఒక్క మాట లేదు, ఒక్క తడబాటు లేదు. నేను గుమ్మంలోనే ఆగిపోయి కాసేపు చూస్తుండిపోయాను. మా ఇద్దరికీ ఇంకా రోజూ నీళ్ళగ్లాసు దగ్గర చేతులు ఢీకొంటాయి.

"కూర్చోవచ్చా అండీ?"

"కూర్చో తల్లీ. ఆ సంచీ మాత్రం బల్ల మీద పెట్టకు" అన్నాడు స్టోర్స్ ఆయన. "ఇక్కడ ఆఫీసు సంగతులుండవు."

సంచీ ఒళ్ళో పెట్టుకున్నాను. "మీ రూలు విన్నానండీ. ఇంటివాళ్ళతో ఆఫీసు మాట వద్దు, ఆఫీసువాళ్ళతో ఇంటి మాట వద్దు. ఒక్క సందేహం. నేను మీ ఇంటిదాన్నా, ఆఫీసుదాన్నా?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"రెండూ కాదు" అంది సిస్టమ్స్ మేడమ్.

"మరయితే నాతో మాట్లాడితే రూలు తప్పినట్టు కాదుగా? మీరు ఆయనతో ఏమీ అనక్కర్లేదు, నాతో అనండి. ఆయనకి చెవులున్నాయంటే అది మీ తప్పు కాదు."

పక్క బల్ల దగ్గర రిసెప్షనావిడ చెంచా గాల్లో ఆగిపోయింది. స్టోర్స్ ఆయన అన్నంలో పెరుగు పూర్తిగా కలిపాడు. తర్వాత నావైపే చూస్తూ గొంతు సవరించుకున్నాడు.

"అయితే అమ్మాయీ, ఆ మేడమ్ గారికి చెప్పు. స్టోర్స్‌లో ఇప్పుడు ఒక్క పాత లాప్‌టాప్ కూడా లేదని."

"ఆ స్టోర్స్ గారికి చెప్పమ్మా" అంది ఆవిడ, నా మీద నుంచి చూపు మరల్చకుండా. "పంపినప్పుడే పంపానని ఒక్క ముక్క రాసుంటే ఈ పిల్ల ఇలా పైకీ కిందికీ తిరిగేది కాదని."

"తాళాలు తీశామని ఆవిడ రాశాకే నేను రాయాలని రూలు. చెప్పు."

"ఆ రూలు పెట్టిందెవరో ఆయన్నే అడుగు."

"ఎవరండీ?" అని మా ఆయన ఉండబట్టలేక అడిగాడు.

స్టోర్స్ ఆయన మీసం తడుముకున్నాడు. "నేనే."

"ఎందుకు పెట్టారో కూడా అడుగు" అంది ఆవిడ.

"నువ్వే... ఆ మేడమే, ఎవరూ వేలెత్తి చూపించకుండా ఉండాలని గోల చేస్తేను!"

అటూ ఇటూ తల తిప్పీ తిప్పీ నాకు మెడ పట్టేసింది. ఇక నా మాట నేను చెప్పాలి. "మీరిద్దరూ తప్పు చెయ్యలేదండీ, అది నాకు తెలుస్తూనే ఉంది. కానీ సాయంత్రంలోగా ఇది తెరుచుకోకపోతే నా పని ఇంకో అమ్మాయికి వెళ్ళిపోతుంది. నేనొక్కదాన్నే కాదు. నేను కొన్న షాపులో ఏది తెరిచినా మీ కంపెనీయే స్వాగతం చెబుతోంది. ఈపాటికి ఎంతమంది కొనుక్కున్నారో, ఎంతమంది తల పట్టుకుని కూర్చున్నారో నాకు తెలీదు."

సిస్టమ్స్ మేడమ్ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ఆవిడ తల నావైపు నుంచి మెల్లగా తిరిగి, నేరుగా ఆయన మీద నిలిచింది.

"ఏమండీ, అన్నీ పంపించేశారా? మొత్తం అన్నీనా?"

గదిలో తింటున్న వాళ్ళంతా తలెత్తారు. ఆ గేటు లోపల ఆ 'ఏమండీ' వినడం వాళ్ళకదే మొదలని, వాళ్ళ మొహాలే చెబుతున్నాయి.

"అన్నీనే" అన్నాడాయన, పిల్లాడిలా. "చోటు లేదే మరి. నువ్వు రాస్తావేమోనని ఎదురుచూస్తూనే ఉన్నా."

"నేను మీరు రాస్తారని ఎదురుచూస్తున్నా! పాపం ఇన్ని ఇళ్ళల్లో..." ఆవిడ లేచి చెయ్యి కడుక్కుంది. "లేవండి. పెరుగన్నం తర్వాత తినొచ్చు. మీరూ నేనూ ఒకేసారి రాద్దాం. ఎవరూ ముందు కాదు, ఎవరూ వెనక కాదు."

ఈసారి లిఫ్టులో నలుగురం ఎక్కాం. ఆయన పెన్ను తీసి సిస్టమ్స్ మేడమ్ బల్ల పక్కన నిలబడి రాశాడు, ఆవిడ కూర్చుని రాసింది. తర్వాత ఆవిడ తన కంప్యూటర్లో ఆ లాటులోని నంబర్లన్నీ పిలిచి, ఒక్కొక్కటీ వదిలేస్తూ వచ్చింది. నాది వచ్చేసరికి ఆగింది. "నువ్వే నొక్కు" అని కుర్చీ కొంచెం వెనక్కి జరిపింది. నొక్కాను.

"కాస్త ఆగి, మొదట్నించీ మళ్ళీ పెట్టు."

భాష, వైఫై, చుక్కలు. మా ఆయన నా చున్నీ కొస పట్టుకున్నాడు, తనకి తెలీకుండానే. చుక్కలు ఆగిపోయాయి. లిఫ్టుల బొమ్మ లేదు, ఎవరి స్వాగతమూ లేదు. ఉత్త తెల్లటి స్క్రీన్, 'మీ పేరేమిటి?' అని ఒక్క ప్రశ్న.

ఒక వస్తువు నా పేరు అడిగినందుకు నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. అక్షరం అక్షరం చూసుకుంటూ కొట్టాను.

"ఇంటికెళ్ళేదాకా ఎందుకు, ఇక్కడే కూర్చుని నీ సాఫ్ట్‌వేర్ వేసుకో" అంది మేడమ్. స్టోర్స్ ఆయన వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "మేడమ్ గారూ, మిగతా అన్నం మీ బల్లకి పంపించనా?" అన్నాడు. "పంపించండి స్టోర్స్ గారూ" అంది ఆవిడ, తలెత్తకుండా. ఇద్దరి మొహాల్లోనూ ముసిముసి నవ్వు మాత్రం దాగలేదు.

ఎండ వాలకముందే వర్క్‌షాపావిడకి ఫోన్ చేశాను. "వేసుకున్నానండీ, తెరుచుకుంది కూడా."

"భేష్. అడ్రసు పంపుతున్నా. ఇరుకు వంటిల్లు, ఇంటావిడ గడుసుది. కంగారుపడకు."

"పడనండీ."

వీధిలోకి వచ్చాక మా ఆయన నా సంచీ అందుకుని, "రేపు షాపులో జనం ఎక్కువ, లేకపోతే నేనూ వచ్చేవాణ్ణి" అన్నాడు మొహం వేలాడేసుకుని.

"నువ్వు రావద్దు. వస్తే ఆవిడ గోడలన్నీ తుడిచేస్తావు." ఆయన నవ్వేదాకా ఆగి, రేపటి సంగతి అక్కడే తేల్చేశాను. "పొద్దున్నే షాపు తెరవకముందు నన్ను ఆ ఇంటి దగ్గర దింపెయ్. గోడలు ఒక్కచోట కొలిచి వదలను. నేల దగ్గర, నడుమెత్తున, తలెత్తున మూడుసార్లూ కొలుస్తా, ఏ గోడా చూసినంత నిటారుగా ఉండదు. కుళాయి, కిటికీ, స్విచ్చులు ఆ తర్వాత. కానీ టేపు తియ్యకముందే ఆ గడుసావిణ్ణి పొయ్యి ముందు నిలబెట్టి, చెయ్యెత్తమని అడుగుతా. ఆవిడ చెయ్యి ఎంతదాకా అందుతుందో చూశాకే మొదటి గీత గీస్తాను."